ఇటర్‌లో మన వాటా 9 శాతం: క్లాసులో పిల్లలకు ఏమని చెప్పాలి?

నంద్యాల ఫిజిక్స్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ సెకండియర్‌కి ఫిజిక్స్ చెప్తాను. కేంద్రకాల చాప్టర్లో సంలీనం (ఫ్యూజన్) దగ్గరికి వచ్చేసరికి సూర్యుడితో మొదలుపెట్టి, డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే హీలియం, ఒక న్యూట్రాన్, 17.6 ఎంఈవీ శక్తి అని సమీకరణం రాస్తాను. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే అంతర్జాతీయ సంలీన యంత్రం గురించి రెండు మాటలు చెప్పి పాఠం ముగిస్తాను. మొన్న ఒకమ్మాయి లేచి అడిగింది:

"సార్, దీని గురించి 1985లోనే అనుకున్నారంట. 2039లో గానీ అసలు ఇంధనం వేసి నడపరంట. అప్పటికి నాకు 31 ఏళ్లొస్తాయి. ఇంతా చేసి అది కరెంటు కూడా ఇవ్వదంట. ఇన్ని దేశాలు కలిస్తే పని తొందరగా అవ్వాలి కదా సార్, మరి లేటెందుకు అవుతోంది?"

ఆమె చెప్పిన తేదీలన్నీ సరైనవే. 1985 నవంబర్‌లో జెనీవాలో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ కలిసినప్పుడు మొదలైన ఆలోచన ఇది. మనం 2005 డిసెంబర్లో చేరాం. 2006 నవంబర్ 21న పారిస్‌లో యూరప్, అమెరికా, రష్యా, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఇండియా సంతకాలు పెట్టాయి. ఇక్కడిదాకా నేనే చెప్పాను. లేటెందుకు, అందులో మనకేంటి అన్నదానికి మాత్రం పుస్తకాల్లో దొరికే జవాబు నాకే తృప్తిగా లేదు. పేపర్లు చూస్తే ఒకరోజు 'కృత్రిమ సూర్యుడు వచ్చేస్తున్నాడు' అంటాయి, ఇంకోరోజు 'వేల కోట్లు బూడిదలో' అంటాయి.

ఈ పనిలో నిజంగా చెయ్యి పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి. క్లాసులో చదివి వినిపిస్తాను.


మాదాపూర్ వాసి:

మాస్టారూ, నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ అమ్మాయి అడిగినదాంట్లోనే జవాబు ఉంది. 2024లో మళ్లీ కొత్త షెడ్యూలు ఇచ్చారు. పరిశోధన నడక 2034లో మొదలవుతుందట, డ్యుటీరియం, ట్రిటియం కలిపి నడిపేది 2039లోనట. పైగా ఇంకో 500 కోట్ల యూరోలు కావాలన్నారు. ఈలోగా సోలార్ ఎంత చవకైందో మన కర్నూలు జిల్లాలోనే చూస్తున్నాం, మీకు నేను చెప్పక్కర్లేదు.

ఫ్యూజన్ కావాలనుకున్నా, అమెరికాలో బోస్టన్ దగ్గర కామన్‌వెల్త్ ఫ్యూజన్ వాళ్లు స్పార్క్ అని చిన్న యంత్రం కడుతున్నారు. ఒకే కంపెనీ, ఒకే చోట, ఒకే బాస్. ఇంజనీరింగ్‌లో నేను చూసినంతవరకు పది చోట్ల చేసి ఒకచోట అతికించే ప్రాజెక్టు ఏదీ టైముకి పూర్తి కాలేదు. మన 9 శాతం ఇంకో మంచి పనికి పెట్టుంటే బాగుండేదని నాకనిపిస్తుంది. నేను తెలుసుకోవాల్సింది ఉంటే చెప్పండి, వింటాను.


గాజువాక వెల్డ్ ఇన్‌స్పెక్టర్:

మాస్టారూ, మీ స్టూడెంట్ అసలైన చోట పట్టుకుంది. నేను సైంటిస్టుని కాదు. వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ నా వృత్తి. విశాఖలో ఓడల పని దగ్గర అల్ట్రాసోనిక్ టెస్టింగ్ నేర్చుకున్నాను. తర్వాత గుజరాత్‌లోని హజీరాలో, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లో కాదరాష్ దగ్గర ఇటర్ సైటులో క్రయోస్టాట్ మీద పనిచేశాను. ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువు, దాని సంగతి తెలిసినవాళ్లు రాస్తారు. ఉక్కు సంగతి నేను రాస్తాను.

మీ క్లాసులో ముందుగా ఈ మాట చెప్పండి. ఏడుగురు కలిసింది పని తొందరగా ముగించడానికని అనుకుంటే లెక్క ఎక్కడా కుదరదు. ఏడుగురికీ ఈ పని చెయ్యడం రావాలని కలిశారు. ఒప్పందమే అలా రాసుకున్నారు. సభ్యుల వాటాలో ఎక్కువ భాగం డబ్బుగా ఇవ్వరు, వస్తువు తయారుచేసి పంపుతారు. నిర్మాణంలో యూరప్ వాటా 45 శాతం పైన, మిగతా ఆరుగురిదీ తలా 9 శాతం చొప్పున. అంటే మన 9 శాతంలో చాలా భాగం మన దేశంలోనే, మన ఫ్యాక్టరీల్లో, మన వెల్డర్లకీ ఫిట్టర్లకీ ఇంజనీర్లకీ ఖర్చయింది. పైన రాసిన మాదాపూర్ దేవ్ గారు అనుకుంటున్నట్టు చెక్కు రాసి ఫ్రాన్స్‌కి పంపడం కాదు. (దేవ్ గారూ, మీ పాత పోస్టుల్లో పేరు చూశాను, అలా పిలిచాను, ఏమీ అనుకోకండి.)

ఇక ఎలా పంచుకున్నారో చూడండి. ప్లాస్మా ఉండే వాక్యూమ్ వెసెల్ తొమ్మిది ముక్కలు: నాలుగు కొరియా, అయిదు యూరప్. దాని చుట్టూ నిలబడే పెద్ద అయస్కాంతాలు, స్పేర్‌తో కలిపి 19: పది యూరప్, తొమ్మిది జపాన్. ఒక్కోటి 17 మీటర్ల ఎత్తు, 300 టన్నుల పైన బరువు. వాటిలో వాడే నియోబియం-టిన్ తీగ మొత్తం లక్ష కిలోమీటర్లు, దాన్ని ఆరుగురు సభ్యులు పంచుకుని చేశారు. నడిమధ్యలో నిలబడే సోలనాయిడ్ అయస్కాంతం అమెరికా. వెసెల్ ముక్కల్నీ అయస్కాంతాల్నీ జతచేసే 22 మీటర్ల టూల్స్ కొరియా. వీటన్నిటినీ లోపల పెట్టుకునే క్రయోస్టాట్ మనది.

అలా విడగొట్టడం వల్ల ఖర్చు పెరిగింది, టైము పెరిగింది. దీన్ని దాచాల్సిన పనిలేదు. ఒకే దేశం ఒకే షెడ్డులో చేసుంటే చవగ్గా అయ్యేదే. అయితే అప్పుడు ఆ ఒక్క దేశానికే వచ్చేది.

క్రయోస్టాట్ అంటే పెద్ద థర్మాస్ ఫ్లాస్కు లాంటిది. లోపల అయస్కాంతాలు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండాలి, వాటికి కొన్ని మీటర్ల దూరంలో ప్లాస్మా 15 కోట్ల డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటి వేడి చల్లటి భాగాలకు తగలకుండా చుట్టూ గాలి లేకుండా చెయ్యాలి. దానికోసం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో 29 మీటర్ల ఎత్తు, 29 మీటర్ల పైచిలుకు వ్యాసం, 3,850 టన్నుల పాత్ర. అది ఒక్క ముక్కగా ఏ ఓడలోనూ పట్టదు. హజీరాలో ఎల్ అండ్ టీ షాపులో 54 సెగ్మెంట్లుగా చేసి, ఓడలో మార్సెయ్ పక్కన ఫాస్ రేవుకి చేర్చి, అక్కణ్ణుంచి బార్జి మీద, ఆ తర్వాత 104 కిలోమీటర్ల రోడ్డు మీద రాత్రిళ్లు ట్రాఫిక్ ఆపించి, మనిషి నడిచే వేగంతో తీసుకొచ్చారు. ఆ ట్రైలర్ల కోసం దారిలో రౌండెబౌట్లు కూడా మార్చి కట్టారు. సైటులో మన దేశం కట్టించిన వర్క్‌షాపులో ఆ ముక్కల్ని నాలుగు పెద్ద భాగాలుగా వెల్డ్ చేశారు.

ఇక్కడ నా పని దగ్గరికి వస్తాను. పిల్లలకు ఇది నచ్చుతుంది, లెక్క కూడా వాళ్లే చెయ్యొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్ వ్యాకోచ గుణకం మీ పుస్తకంలోనే ఉంటుంది. 29 మీటర్ల వ్యాసానికి ఒక్క డిగ్రీ వేడి పెరిగితే దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. ప్రోవెన్స్‌లో ఎండాకాలం పొద్దుటికీ మధ్యాహ్నానికీ షెడ్డులో ఉష్ణోగ్రత చాలా మారుతుంది. కాబట్టి లేజర్ ట్రాకర్‌తో తీసిన ప్రతి కొలత పక్కన ఆ క్షణాన ప్లేటు ఉష్ణోగ్రత రాయాలి, లేకపోతే ఆ కొలతకి విలువ లేదు. కొలతలు తెల్లవారుజామునే తీసేవాళ్లం. ఒక ప్లేటుకి ఒకవైపు ఎండ తగిలి ఇంకోవైపు నీడ ఉంటే గుండ్రంగా ఉన్నది కాస్తా కోలగా వస్తుంది.

వెల్డింగ్‌లో ఇంకో తంటా. వెల్డ్ చల్లారేటప్పుడు లాగుతుంది. అంత పెద్ద రింగులో ఒకవైపే వెల్డ్ చేసుకుంటూ పోతే మొత్తం పక్కకి వంగిపోతుంది. అందుకని ఎదురెదురుగా వెల్డర్లు ఒకేసారి మొదలుపెట్టి, ఒకే వేగంతో, ఒక్కో పొరా వేసుకుంటూ వెళ్తారు. రూట్ రన్ (అడుగున వేసే మొదటి పొర) అయ్యాక డీపీ (రంగు ద్రవం పూసి పగుళ్లు చూసే పరీక్ష), కొన్ని పొరల తర్వాత మళ్లీ కొలత, ఎటు లాగిందో చూసి తర్వాతి పొర ఎక్కణ్ణుంచి వెయ్యాలో నిర్ణయం. అన్నీ అయ్యాక నా వంతు, యూటీ, అంటే అల్ట్రాసోనిక్ టెస్టింగ్. మామూలు కార్బన్ స్టీల్ వెల్డ్ అయితే ప్రోబ్ పెట్టగానే తెరమీద లోపం కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ వెల్డ్‌లో గింజలు ముతకగా ఉంటాయి, శబ్దం చెదిరిపోయి తెరంతా నాయిస్. షియర్ వేవ్ ప్రోబ్ తీసి లాంగిట్యూడినల్ వేవ్ ప్రోబ్ పెట్టాలి, అదే ప్లేటుతో, అదే ప్రొసీజర్‌తో చేసిన కాలిబ్రేషన్ బ్లాక్ పక్కన ఉండాలి. ఆ తర్వాత హీలియం లీక్ టెస్ట్. వెల్డ్‌కి ఒకవైపు వాక్యూమ్ చేసి రెండోవైపు హీలియం వదిలితే, వెంట్రుక పట్టనంత రంధ్రం ఉన్నా మాస్ స్పెక్ట్రోమీటర్ పట్టేస్తుంది.

2020 మే నెలలో క్రయోస్టాట్ బేస్‌ని, 1,250 టన్నులు, రెండు క్రేన్లతో ఎత్తి గుంతలో దించారు. మొత్తం యంత్రంలో ఒక్క వస్తువుగా అంత బరువైనది ఇంకోటి లేదు. కోవిడ్ రోజులవి, మాస్కులు పెట్టుకుని అందరం తలెత్తి చూస్తున్నాం. నా పక్కన ఒక కొరియా ఇంజనీరు, ఒక ఫ్రెంచి రిగ్గరు. దించినంతసేపూ మా ముగ్గురిలో ఒక్కరం కూడా మాట్లాడలేదు. దాని మీద నిలబడబోయే 23 వేల టన్నుల్లో కొరియావి ఉన్నాయి, జపాన్‌వి ఉన్నాయి, అమెరికావి ఉన్నాయి. మనది తేడా వస్తే అందరివీ ఆగిపోతాయి. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పడం కష్టం.

ఇక లేటు సంగతి. ఫ్యాక్టరీలో ఒక ముక్క కొలత తప్పితే ఎన్‌సీఆర్ (నాన్‌కన్ఫార్మెన్స్ రిపోర్ట్, అంటే తేడా వచ్చిందన్న నివేదిక) రాస్తాం. మామూలు షాపులో ఆ ఎన్‌సీఆర్ పక్క బేలో ఉన్న డిజైన్ వాళ్ల దగ్గరికి వెళ్లి సాయంత్రానికి జవాబు వస్తుంది. ఇక్కడ తయారుచేసినవాడు ఒక ఖండంలో, వాడికి ఆర్డరిచ్చిన ఏజెన్సీ ఇంకో ఊళ్లో, డిజైన్ బాధ్యత కాదరాష్‌లో, అణు భద్రత చూసే ఫ్రెంచి సంస్థ వేరే. ఒక్క కాగితం నలుగురి సంతకాలతో తిరిగి రావాలి. ఈలోపు 'షెడ్యూలు పోతోంది, ముక్క పంపెయ్యండి, అక్కడ సరిచేద్దాం' అన్న ఒత్తిడి.

వాక్యూమ్ వెసెల్ దగ్గర అదే పెద్ద దెబ్బ అయింది. ఇదంతా ఇటర్ సంస్థే బయటపెట్టిన విషయం. వచ్చిన మొదటి సెక్టర్ల (వెసెల్ తొమ్మిది ముక్కల్లో ఒక్కోదాన్నీ సెక్టర్ అంటారు) అంచులు, అంటే పక్క సెక్టర్‌తో వెల్డ్ కావాల్సిన బెవెల్స్, డ్రాయింగ్‌లో ఉన్న కొలతకి లేవు. వాటిని వెల్డ్ చెయ్యాల్సింది రోబో. రోబోకి అంచు ఒకే వరసలో ఉండాలి, మన వెల్డర్‌లా చూసుకుని సర్దుకోలేదు. 2022 జనవరిలో ఫ్రెంచి భద్రతా సంస్థ సెక్టర్ల అతికింపు దగ్గర ముందుకెళ్లొద్దని ఆపింది. దాంతోపాటే థర్మల్ షీల్డ్ (చల్లటి అయస్కాంతాలకు వేడి తగలకుండా అడ్డుపెట్టే కవచం) పైపుల్లో పగుళ్లు. వెండిపూత ముందు చేసిన శుభ్రతలో క్లోరిన్ అవశేషం వెల్డ్ దగ్గర ఇరుక్కుపోయి, ఒత్తిడి తోడై పగుళ్లిచ్చింది. 23 కిలోమీటర్ల పైపు మార్చాల్సి వచ్చింది. 2022 మేలో గుంతలో దించిన మొదటి సెక్టర్ మాడ్యూల్‌ని 2023 జూలైలో పైకి తీశారు.

నా వృత్తిలో ఉన్నవాడిగా చెప్తున్నాను, దించినదాన్ని పైకి తియ్యడానికి చాలా ధైర్యం కావాలి. ఏడుగురు సభ్యుల జెండాలు పెట్టి ఫొటోలు తీసుకున్న పని అది. రిపేర్ చేసి, అంచుల మీద లోహం పేర్చి మళ్లీ మెషినింగ్ చేసి, 2025 ఏప్రిల్‌లో ఒక మాడ్యూల్, జూన్‌లో ఇంకోటి దించారు. మీ స్టూడెంట్‌కి లేటెందుకు అయిందో అడిగితే నేనిదే చెప్తాను. ఇలాంటి యంత్రం ఇంతకుముందు ఎవ్వరూ కట్టలేదు, ఎక్కడ తప్పు పోతుందో ముందే రాసి ఉన్న పుస్తకం లేదు. ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఎన్‌సీఆర్ల రూపంలో రాస్తున్నారు, ఏడుగురికీ చదివే హక్కుంది.


గాంధీనగర్ ప్లాస్మా:

నేను ఇక్కడ ప్లాస్మా డయాగ్నస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఊరు ఖమ్మం. పై రాత చదివాక ప్లాస్మా సంగతి నేను రాయాలనిపించింది.

మాస్టారూ, 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగాల మీద సదస్సు జరిగినప్పుడు దానికి అధ్యక్షుడు మన హోమీ భాభా. ఇరవై ఏళ్లలో ఫ్యూజన్‌ని అదుపులో పెట్టే పద్ధతి దొరుకుతుందని ఆయన ఆ సభలోనే అన్నారు. అప్పటికి అమెరికా, బ్రిటన్, సోవియట్ రష్యా మూడూ తలుపులేసుకుని ఎవరికి వారు చేసుకుంటున్నాయి. 1956లో సోవియట్ అణు శాస్త్రవేత్త కుర్చటోవ్ ఇంగ్లండ్‌లోని హార్వెల్‌కి వెళ్లి రష్యా చేస్తున్నది బహిరంగంగా చెప్పాడు. 1958 నాటికి అందరూ రహస్య ముద్రలు తీసేశారు. తలుపులు తెరవగానే తేలిందేంటంటే, అందరూ ఒకే చోట ఇరుక్కున్నారు.

పిల్లలకు చెప్పదగ్గ కథ 1969ది. అంతకుముందు ఏడాది నోవోసిబిర్స్క్‌లో రష్యా శాస్త్రవేత్త లెవ్ అర్ట్సిమోవిచ్ తమ టీ-3 టోకమాక్‌లో (ప్లాస్మాని అయస్కాంతాలతో పట్టి ఉంచే వడ ఆకారపు యంత్రం) ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత కోటి డిగ్రీల వరకు వచ్చిందని ప్రకటించాడు. పశ్చిమ దేశాల వాళ్లు నమ్మలేదు, కొలిచిన పద్ధతి మీదే అనుమానం. అర్ట్సిమోవిచ్ ఏమన్నాడంటే, మీరే వచ్చి కొలవండి. ఇంగ్లండ్‌లోని కల్హామ్ నుంచి ఒక బృందం లేజర్ పరికరాలన్నీ పెట్టెల్లో కట్టుకుని మాస్కో వెళ్లింది. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో, ముందు ఏడాదే ప్రాగ్‌లోకి ట్యాంకులు వెళ్లిన రోజుల్లో. ప్లాస్మాలోకి లేజర్ కాంతి పంపి, ఎలక్ట్రాన్ల మీద పడి చెదిరిన ఆ కొద్ది కాంతి రంగు ఎంత విస్తరించిందో చూసి ఉష్ణోగ్రత చెప్పారు. దాన్ని థామ్సన్ స్కాటరింగ్ అంటాం, నా థీసిస్ కూడా దాని మీదే. రష్యా వాళ్లు చెప్పింది నిజమని తేలింది. ఆ వెంటనే ప్రిన్స్‌టన్ వాళ్లు తమ యంత్రాన్ని టోకమాక్‌గా మార్చేసుకున్నారు. ఈరోజు ఇటర్ టోకమాక్ కావడానికి కారణం ఆ కొలత.

దీన్ని ఎందుకింత రాస్తున్నానంటే, దేవ్ గారు ఒకే కంపెనీ, ఒకే బాస్ అన్నారు. స్పార్క్ మంచి పని, మా ల్యాబ్‌లో అందరం దాన్ని ఆసక్తిగా గమనిస్తున్నాం. 2021లో వాళ్లు కొత్తరకం సూపర్‌కండక్టర్‌తో 20 టెస్లా అయస్కాంతం చేసి చూపించారు. ఇటర్ డిజైన్ ఖరారయ్యేనాటికి ఆ తీగ ఈ స్థాయిలో దొరికేది కాదు. అయితే ఆ చిన్న యంత్రం పనిచేస్తుందని లెక్కగట్టింది ఏ సూత్రాలతో? ప్లాస్మా ఎంతసేపు వేడి నిలుపుకుంటుందో చెప్పే సూత్రాలు ప్రపంచంలోని టోకమాక్‌లన్నీ దశాబ్దాలుగా ఒకే డేటాబేస్‌లో వేసిన కొలతల నుంచి వచ్చాయి. అక్కడ ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్ ఉంది, అమెరికావి ఉన్నాయి, జపాన్‌వి ఉన్నాయి. కంపెనీకీ ఆ పునాదే.

కల్హామ్‌లోని జెట్‌లో 2023లో చివరి ప్రయోగాల్లో 69 మెగాజౌళ్లు వచ్చాయి, వాడిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. 2025 జనవరిలో చైనాలో ఈస్ట్ 1,066 సెకన్లు ప్లాస్మాని నిలిపితే, ఫిబ్రవరిలో ఇటర్ పక్కనే ఉన్న ఫ్రెంచి యంత్రం వెస్ట్ 1,337 సెకన్లు నిలిపింది. పోటీ ఉంది, మంచిదే. ఇటర్ చెయ్యాల్సింది ఈ రెండూ ఒకేచోట: లోపలికి 50 మెగావాట్ల వేడి పంపి 500 మెగావాట్లు తియ్యడం, అదీ కొన్ని వందల సెకన్లు. కరెంటు తీసే టర్బైన్ పెట్టకపోవడం కావాలనే. ముందు ప్లాస్మా తన వేడితో తానే మండుతూ ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. అది ఇప్పటిదాకా ఏ టోకమాక్‌లోనూ ఎవరూ చూడలేదు.


నంద్యాల ఫిజిక్స్:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. వ్యాకోచం లెక్క నిన్న బోర్డు మీద వేయించాను, 29 మీటర్లకి పది డిగ్రీలు తేడా వస్తే ఎంత అని. దాదాపు అయిదు మిల్లీమీటర్లు వచ్చేసరికి వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొచ్చారు. వాళ్లు వేసిన ప్రశ్నలు రెండు పంపుతున్నాను. యుద్ధం వచ్చాక రష్యా వాటా ఏమైంది? తెలుగు రాష్ట్రాల్లో దీనికి సంబంధించిన పని ఏదైనా జరుగుతోందా?


మాదాపూర్ వాసి:

నేను కూడా ఒకటి అడుగుతాను. వాటా వస్తువు రూపంలో ఇస్తాం అన్నది నాకు తెలియని సంగతి. అది విన్నాక నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. క్రయోస్టాట్ చేశాం సరే, అది పెద్ద పాత్ర. రేపు మన దేశంలో మనమే ఒక రియాక్టరు కట్టుకోవాలంటే పాత్ర ఒక్కటే వస్తే సరిపోతుందా?


గాజువాక వెల్డ్ ఇన్‌స్పెక్టర్:

దేవ్ గారూ, సరిపోదు. అందుకే ఒప్పందంలో ఎవరు చేసినా పుట్టిన పరిజ్ఞానం సభ్యులందరికీ అందుబాటులో ఉండాలని రాసుకున్నారు. అయస్కాంతం మనం చెయ్యలేదు, కానీ దాని డిజైను, అందులో వచ్చిన తిప్పలు తెలుసుకునే హక్కు మనకుంది. హక్కుంటే చాలదు, చదివి అర్థం చేసుకునే మనుషులు కావాలి, వాళ్లు తయారయ్యేది సొంతంగా ఏదో ఒకటి చేసినప్పుడే. మన వాటాలో పాత్ర ఒక్కటే లేదు. వాక్యూమ్ వెసెల్ గోడల మధ్య పెట్టే షీల్డింగ్ బ్లాకులు, నీటితో చల్లబరిచే వ్యవస్థ, ద్రవ హీలియం తీసుకెళ్లే క్రయోలైన్లు, ప్లాస్మాని వేడిచేసే రేడియో తరంగాల సోర్సులు, కొలతలకి వాడే న్యూట్రల్ బీమ్, కొన్ని పవర్ సప్లైలు కూడా ఉన్నాయి. వీటిలో కొన్ని క్రయోస్టాట్ కంటే చాలా కష్టం. మనవాళ్లు ఇంకా తంటాలు పడుతున్నవీ ఉన్నాయి. నా బాధల్లా ఒకటే. క్రయోస్టాట్ మీద చెయ్యి తిరిగిన వెల్డర్లు, ఇన్‌స్పెక్టర్లు ఆ పని అయిపోగానే గల్ఫ్‌కీ రిఫైనరీలకీ వెళ్లిపోయారు. తర్వాతి యంత్రం మనదేశంలో ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ గట్టిగా చెప్పకపోతే ఆ చేతుల్ని నిలబెట్టుకోలేం. 9 శాతం వృథా అయ్యేదంటూ ఉంటే అది ఇక్కడే అవుతుంది. మీ కోపం దీని మీద పెట్టండి, నేనూ మీతో ఉంటాను.

రష్యా సంగతి. యంత్రం పైభాగంలో పెట్టే పీఎఫ్-1 అనే రింగు అయస్కాంతం, తొమ్మిది మీటర్ల వ్యాసం, వాళ్లు చెయ్యాల్సింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. రేవులు, ఓడలు, బీమా, బ్యాంకులు అన్నీ బిగుసుకుపోయాయి. అయినా నవంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓడ బయల్దేరింది, 2023 ఫిబ్రవరిలో ఆ రింగు ఇటర్ సైటుకి చేరింది. ఆ రింగుకి స్పేర్ లేదు. వాళ్లు పంపకపోయినా, వీళ్లు దించనివ్వకపోయినా ఇంకొకరు మొదటినుంచి చెయ్యాల్సి వచ్చేది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న చర్చ జోలికి నేను పోను. మొదట రాసిన ఒప్పందంలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క పెట్టడం వల్ల పని ఆలస్యమైంది అన్నాను కదా, ఎవరూ వదిలేసి పోలేకపోవడానికీ కారణం అదే. అమెరికా 1999లో బయటికెళ్లి 2003లో తిరిగొచ్చింది. అప్పటికింకా అంతా కాగితాల మీదే ఉంది. ముక్కలు తయారయ్యాక ఎవరూ వెళ్లలేదు.

మన తెలుగు రాష్ట్రాల సంగతి. ఇటర్‌కి సూటిగా కాకపోయినా పిల్లలకు చూపించదగ్గవి రెండు. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ మిధానీ, ఫ్యూజన్ రియాక్టరు లోపలి గోడలకోసం ప్రత్యేకమైన ఉక్కుని కల్పాక్కం, గాంధీనగర్ వాళ్లతో కలిసి కరిగించింది. న్యూట్రాన్లు కొట్టినా దీర్ఘకాలం రేడియోధార్మికత మిగలకుండా ఉండేందుకు మాలిబ్డినం, నియోబియం లాంటివి తీసేసి టంగ్‌స్టన్, టాంటలం వేస్తారు. వెల్డ్ చెయ్యడానికి మొండి ఉక్కు అది. రెండోది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర హెవీ వాటర్ ప్లాంటు. గోదావరి నీళ్లలో ఆరువేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి డ్యుటీరియం. దాన్ని ఏరి పోగుచేసే పని అక్కడ 1991 నుంచి జరుగుతోంది. మీరు బోర్డు మీద రాసే సమీకరణంలో ఎడమవైపు మొదటి అక్షరం మన ఊళ్ల పక్కనే తయారవుతోందని చెప్పండి. రెండో అక్షరం, ట్రిటియం, అంత తేలిక కాదు. పన్నెండేళ్లకి సగం అయిపోతుంది, ప్రపంచం మొత్తం మీద ఉన్నది కొన్ని పదుల కిలోలు. రియాక్టరు గోడల్లో లిథియం పెట్టి అక్కడే పుట్టించుకోవాలి. ఆ గోడల కోసమే పైన చెప్పిన ఉక్కు.


నంద్యాల ఫిజిక్స్:

ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న పంపింది. ఇందులో పనిచెయ్యాలంటే ఏం చదవాలి, ఎక్కడ చేరాలి? వాళ్ల నాన్నగారు ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతారు, కూతుర్ని చదివించాలని గట్టిగా ఉన్నారు.


గాంధీనగర్ ప్లాస్మా:

చాలా సంతోషం. ఫిజిక్స్ దారిలో అయితే బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి మా ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రిసెర్చ్‌లో పీహెచ్‌డీకి రావచ్చు. ఇక్కడ ఆదిత్య టోకమాక్ 1989 నుంచి ఉంది, ఇప్పుడు దాన్ని ఆదిత్య-యూగా మార్చాం. ఎస్ఎస్‌టీ-1 కూడా ఇక్కడే ఉంది. మన చేత్తో వాల్వు తిప్పి ప్లాస్మా చూడొచ్చు. ఇంజనీరింగ్ అయితే మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెటలర్జీ ఏదైనా పనికొస్తుంది, ఇటర్-ఇండియా ఆఫీసు కూడా ఇక్కడే. మనం సభ్యదేశం కాబట్టి ఇటర్ సైటులో ఇంటర్న్‌షిప్‌లకి మన విద్యార్థులూ అప్లై చెయ్యొచ్చు. ఇప్పుడు ఇంటర్ అంటే 2034 నాటికి చదువు పూర్తవుతుంది. యంత్రం అప్పుడే లేస్తుంది. కొలిచేవాళ్లు, డేటా చూసేవాళ్లు అప్పుడు కావాలి.


గాజువాక వెల్డ్ ఇన్‌స్పెక్టర్:

తల్లీ, నాన్నగారి షెడ్డు ఉండటం నీకు పెద్ద బలం. సెలవుల్లో వెళ్లి ఫిటప్ (వెల్డ్‌కి ముందు ముక్కల్ని జతగా అమర్చడం) ఎలా చేస్తారో, వెల్డ్ చల్లారేటప్పుడు ప్లేటు ఎటు లాగుతుందో దగ్గర నిలబడి చూడు. ఒక స్టెయిన్‌లెస్ ముక్క, ఒక మైల్డ్ స్టీల్ ముక్క ఒకే సైజులో వెల్డ్ చేయించి రెండూ ఎంతెంత వంగాయో స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్‌లో రాసుకో. స్టెయిన్‌లెస్ ఎక్కువ వంగుతుంది, ఎందుకో మీ సార్‌ని అడుగు. మెటలర్జీ తీసుకుంటే నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ సర్టిఫికెట్లు చదువుతో పాటే చేసుకోవచ్చు. వాటి వివరాలు, ఏ లెవెల్‌కి ఎంత అనుభవం కావాలో మీ సార్‌కి విడిగా మెసేజ్ పెడతాను.